కదిలే యంత్రం, కదలని మనిషి

ఒళ్ళు వంచకుండా ఆరోగ్యం సంపాదించుకోవాలన్న కోరిక మనిషికి కొత్తది కాదు. ఆ కోరికకు ఈ కాలం సమకూర్చిన సాధనం ఒకటి నగరాల వ్యాయామశాలలలోనూ, ఫిజియోథెరపీ కేంద్రాలలోనూ, కలిగినవారి ఇళ్ళలోనూ నేడు కనిపిస్తున్నది. చూడడానికి అది బరువు తూచే యంత్రం వలె ఉంటుంది. దానిపై నిలబడి మీట నొక్కితే పాదాల కింది పలక సెకనుకు ముప్పై నలభై సార్లు అదురుతుంది. ఆ అదురు పిక్కలలోనికి, తొడలలోనికి, నడుములోనికి ప్రాకి, నిలబడిన తీరును బట్టి తలవరకు చేరుతుంది. దీనినే సర్వాంగ కంపన చికిత్స అంటున్నారు.

ఈ పలకను అమ్మేవారు చెప్పే ఫలితాల జాబితా చాలా పొడవైనది. పది నిమిషాలు నిలబడితే గంట వ్యాయామం చేసినట్లేనట. కొవ్వు కరుగుతుందట, ఎముకలు గట్టిపడతాయట, మధుమేహం అదుపులోకి వస్తుందట, మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయట. వినేవారిలో ఎక్కువమంది ఎవరు? మెట్లు ఎక్కలేక అవస్థపడే వృద్ధులు, ముట్లుడిగిన పిమ్మట ఎముకలు గుల్లబారుతున్నాయని వైద్యుని నోట విన్న స్త్రీలు, రోజూ నడవమని చెప్పించుకొని నడవలేకపోతున్న మధుమేహ రోగులు. వారికి ఆశ సులభంగా కలుగుతుంది. ఆ ఆశకు ఆధారం ఎంత ఉన్నదో తెలుసుకోవడం వారి డబ్బుకు మాత్రమే కాక, వారి ఎముకలకూ అవసరం.

విచిత్రమేమంటే, ఇదే కంపనాన్ని వేరొక చోట ప్రమాదంగా పరిగణిస్తారు. ట్రాక్టరు నడిపే రైతుకూ, బొగ్గు గనిలో డంపరు నడిపే కార్మికునికీ నడుము నొప్పి తెచ్చిపెట్టే కారణాలలో దేహమంతటికీ తగిలే అదురు ఒకటి. అక్కడ అది రోగకారణం, ఇక్కడ చికిత్స. ఈ రెండు మాటలలో ఏది నిజం? రెండింటిలోనూ నిజమున్నది. ఆ నిజం ఎంతవరకు అన్నదే ప్రశ్న.

వణుకుకు వణుకే మందా?

ఈ చికిత్స చరిత్ర మనలను పందొమ్మిదవ శతాబ్ది చివరినాటి పారిస్ నగరానికి తీసుకుపోతుంది. అక్కడి సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో అనే వైద్యుడు ఉండేవాడు. నాడీమండల వ్యాధులను శాస్త్రీయంగా విభజించి చూపిన మహామహులలో ఆయన ఒకడు. పార్కిన్సన్ వ్యాధికి ఆ పేరును స్థిరపరచిన వాడు ఆయనే. మన ప్రాచీన వైద్యులు కంపవాతమన్నది ఈ వ్యాధినే పోలి ఉంటుంది. చేతులు వణకడం, కండరాలు బిగుసుకుపోవడం, నడక మందగించడం దీని లక్షణాలు.

రైలు బండిలోనో, గుర్రపు బండిలోనో దూరప్రయాణం చేసి వచ్చిన రోగులు తమకు కొంత హాయిగా ఉన్నదని చెప్పడం షార్కో గమనించాడు. ఆరోగ్యవంతుణ్ణి అలసటపెట్టే కుదుపు ఈ రోగికి ఎందుకు ఉపశమనం ఇస్తున్నది? ఆ ప్రశ్నను ఆయన అంతటితో వదలలేదు. బండి కుదుపును అనుకరించే విద్యుత్ కుర్చీని చేయించి, రోగులను రోజుకు అరగంటసేపు అందులో కూర్చోబెట్టాడు. వారికి నిద్ర బాగా పట్టిందనీ, బిగువు సడలిందనీ 1892లో ఉపన్యసించాడు. మరుసటి సంవత్సరమే ఆయన మరణించడంతో ఆ పరిశోధన ఆగిపోయింది. ఆయన శిష్యుడు జిల్ ద లా టూరెట్ తలకు పెట్టుకొనే కంపన శిరస్త్రాణాన్ని కూడా రూపొందించాడు. కాలక్రమాన ఆ కుర్చీనీ, ఆ శిరస్త్రాణాన్నీ లోకం మరచిపోయింది.

సుమారు 120 ఏండ్ల తరువాత, 2012లో, అమెరికాలోని షికాగో నగరపు వైద్యులు షార్కో ప్రయోగాన్ని తిరిగి చేసి చూశారు. అయితే వారు షార్కో చేయని పని ఒకటి చేశారు. రోగులను రెండు బృందాలుగా విడదీశారు. ఒక బృందం నిజంగా కంపించే కుర్చీలో నెలరోజులపాటు రోజుకు అరగంట కూర్చున్నది. రెండవ బృందం అలాంటి కుర్చీలోనే కూర్చున్నది గాని, వారికి వినిపించినవి మనసును శాంతపరచే ధ్వనులు మాత్రమే. వారి కుర్చీ కంపించలేదు. నెల గడిచాక చూస్తే రెండు బృందాలవారికీ కదలికలు మెరుగుపడ్డాయి. ఆ రెంటి నడుమ చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

దీని అర్థమేమిటి? షార్కో అబద్ధమాడలేదు. ఆయన రోగులూ అబద్ధమాడలేదు. వారికి నిజంగానే హాయి కలిగింది. కాని ఆ హాయి కంపనం వలన కలిగిందో, రోజుకు అరగంట విశ్రాంతి వలన కలిగిందో, పేరుగాంచిన వైద్యుడు తమను శ్రద్ధగా చూస్తున్నాడన్న నమ్మకం వలన కలిగిందో తేల్చడానికి పోలిక చూపే రెండవ బృందం కావాలి. కంపన చికిత్స గురించి ఎవరు ఏ ఫలితం చెప్పినా మనం మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: దేనితో పోల్చి చెబుతున్నారు?

ఇక షార్కో కాలంలోనే స్వీడన్ దేశంలో గుస్తావ్ జాండర్ అనే వైద్యుడు రోగి అవయవాలను కదిలించే యంత్రాలతో చికిత్సాలయం నడిపాడు. అమెరికాలో బాటిల్ క్రీక్ ఆరోగ్యాశ్రమపు అధిపతి జాన్ హార్వీ కెల్లాగ్ కంపించే కుర్చీలను వాడాడు. ఇరవయ్యవ శతాబ్ది నడుమ కాలానికి నడుముకు పట్టీ తగిలించి కొవ్వును కుదిపే యంత్రాలు పాశ్చాత్య దేశాలలో విరివిగా అమ్ముడుపోయాయి. కుదిపినంత మాత్రాన కొవ్వు కరగదు. అది కరగాలంటే కండరం దానిని ఇంధనంగా వాడుకోవాలి. ఆ పట్టీ యంత్రాలు వెనకబడ్డాయి గాని, వాటి వెనుకనున్న ఆశ చావలేదు.

ఎంత అదురు, ఎన్నిసార్లు?

కంపనం అన్న మాట ఒక్కటే అయినా అందులో రెండు లెక్కలు దాగి ఉన్నాయి. పలక సెకనుకు ఎన్నిసార్లు కదులుతున్నది అన్నది మొదటిది. దీనిని హెర్ట్జ్‌లలో చెబుతారు. ప్రతిసారీ ఎంత దూరం కదులుతున్నది అన్నది రెండవది. ఇది మిల్లీమీటర్లలో ఉంటుంది. ఈ రెంటినీ కలిపితే శరీరంపై పడే తాకిడి ఎంతో తెలుస్తుంది. దానిని భూమ్యాకర్షణతో పోల్చి చెప్పడం వాడుక.

ఒక ఉదాహరణ చూద్దాం. సెకనుకు 30 సార్లు, పైకీ క్రిందికీ ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున కదిలే పలకను ఊహించుకోండి. మిల్లీమీటరంటే బియ్యపు గింజ వెడల్పు కంటె తక్కువే. అయినా లెక్క కడితే ఆ పలక గరిష్ఠ వేగవృద్ధి భూమ్యాకర్షణకు మూడున్నర రెట్లు దాటుతుంది. అదే 30 సార్లు కదిలే పలక భూమ్యాకర్షణలో మూడు పదోవంతుల తాకిడి మాత్రమే ఇవ్వాలంటే దాని కదలిక మిల్లీమీటరులో పదోవంతు కంటె తక్కువగా, అంటే ఇంచుమించు వెంట్రుక మందంగా ఉండాలి. ఈ రెండవ తరహా పలకపై నిలబడితే సన్నని గుయ్‌మను స్పర్శ తప్ప మరేమీ తోచదు. మొదటి తరహా పలకపై నిలబడితే పళ్ళు కటకటలాడవచ్చు. అంగడిలో ఈ రెంటినీ ఒకే పేరుతో అమ్ముతారు. ఒకదానిపై జరిగిన పరిశోధనను చూపి మరొకదానిని అంటగట్టడం కూడా జరుగుతుంది. మందు పేరు ఒకటే అయినా మోతాదు పన్నెండు రెట్లు మారితే దానిని అదే మందు అనగలమా?

పలకల నిర్మాణంలోనూ రెండు విధాలున్నాయి. కొన్ని రెండు పాదాలనూ ఒకేసారి పైకెత్తి దించుతాయి. మరికొన్ని పిల్లలు ఎక్కే తూగుడుబల్ల వలె ఒక పాదం పైకి, ఒక పాదం క్రిందికి పోయేటట్లు ఊగుతాయి. రెండవ రకంలో నడుము అటూ ఇటూ ఒరిగి అదురును కొంత మ్రింగివేస్తుంది గనుక తలకు చేరేది తక్కువ.

ఇక కండరాల సంగతి. కండరంలోపల దాని సాగుదలను పసిగట్టే సూక్ష్మమైన తంతువులుంటాయి. కంపనం కండరాన్ని క్షణక్షణం కొద్దిగా లాగి వదులుతుంటే ఆ తంతువులు వెన్నుపాముకు వార్త పంపుతాయి. వెన్నుపాము మెదడును అడగకుండానే కండరాన్ని బిగించమని ఆజ్ఞ ఇస్తుంది. కండరాన్ని కంపింపజేస్తే అది దానంతటదే బిగుసుకొనే ఈ ప్రతిక్రియను స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎక్లుండ్, హాగ్‌బార్త్ 1966లో వివరించారు. అనగా పలకపై నిలబడినవాని కండరాలు ఊరకే లేవు, పనిచేస్తున్నాయి. కాని ఆ పని ఎంత? ఊరికే నిలబడినప్పుడు అదనంగా ఖర్చయ్యే శక్తి నింపాదిగా నడిచేటప్పటి ఖర్చును పోలినదే గాని, పరుగు వంటిది కాదు. పది నిమిషాల నింపాది నడక గంట వ్యాయామానికి ఎలా సమానమవుతుందో పాఠకులే ఆలోచించవచ్చు.

సోవియట్ దేశంలో వ్లాదిమిర్ నజరోవ్ 1970లు, 80లలో క్రీడాకారులపై కంపనాన్ని ప్రయోగించి చూశాడు. అక్కడినుండే ఒక కథ పుట్టింది. రష్యన్ వ్యోమగాములు ఈ పలకల పుణ్యమా అని అంతరిక్షంలో ఏడాదికి పైగా ఉండగలిగారని ప్రకటనలు చెబుతాయి. వలేరీ పాల్యకోవ్ 1994, 95 సంవత్సరాలలో మీర్ కేంద్రంలో 437 రోజులు ఉండి వచ్చిన మాట నిజమే. కాని మీర్ వ్యోమగాములకు రోజువారీ వ్యాయామంగా నిర్ణయించినది రబ్బరు పట్టీలతో దేహాన్ని క్రిందికి బిగించి కదిలే పట్టాపై చేసే పరుగు, సైకిలు తొక్కుడు. వారి ఎముకలను కాపాడడానికి పడిన పాటు చెమటోడ్చిన పాటు.

గొర్రెల ఎముకలు, మనుషుల ఎముకలు

ఎముక రాయివంటిదని మనం అనుకుంటాం. నిజానికి అది జీవితాంతం కూలుతూ, కట్టుకుంటూ ఉండే కట్టడం. బరువు పడిన చోట గట్టిపడుతుంది, పడని చోట పలచబడుతుంది. ఈ సూత్రాన్ని జర్మను శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే గ్రంథస్థం చేశాడు. బరువే లేని అంతరిక్షంలో వ్యోమగామి తుంటి ఎముక సాంద్రత నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున తరిగిపోవడం దీనికి నిదర్శనం.

అయితే ఎముకను మేల్కొలపడానికి పెద్ద బరువులే కావాలా, సున్నితమైన అదురు చాలదా? న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లింటన్ రూబిన్ బృందం ఈ ప్రశ్న వేసుకొని గొర్రెలతో ప్రయోగం చేసింది. గొర్రెల వెనుక కాళ్ళను రోజుకు 20 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఏడాదిపాటు సన్నగా అదిరే పలకపై ఉంచారు. అదురు సెకనుకు 30 సార్లు, తాకిడి పైన చెప్పిన వెంట్రుకవాసి తరహాది. ఏడాది తరువాత తొడ ఎముక పైభాగంలోని స్పంజివంటి ఎముక సాంద్రత 34 శాతం పెరిగినట్లు తేలింది. 2001లో ప్రసిద్ధ శాస్త్రపత్రిక నేచర్‌లో ఈ వార్త వెలువడగానే ఎముకలు గుల్లబారే వ్యాధికి మందులేని చికిత్స దొరికినట్లేనని ఎందరో సంతోషించారు.

మరి మనుషుల సంగతి? కెనడాలోని టొరాంటోలో ముట్లుడిగిన 202 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. ఏడాదిపాటు రోజుకు 20 నిమిషాలు పలకపై నిలబడినవారికీ, నిలబడనివారికీ ఎముక సాంద్రతలో తేడా లేదు. అందరికీ కాల్షియం, డి విటమిను ఇచ్చారు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో 174 మంది వృద్ధులపై రెండేండ్లు నడిచిన పరీక్ష 2015లో వెలువడింది. అందులో ఉత్తుత్తి పలకను కూడా ఉపయోగించారు. అక్కడా ఎముకకు లాభం కనబడలేదు. గొర్రెకు పనికివచ్చినది ముసలి మనిషికి పనికిరాకపోవడానికి కారణాలు ఉండవచ్చు. నాలుగు కాళ్ళ జంతువు నిలబడే తీరు వేరు, రెండు కాళ్ళ మనిషి నిలబడే తీరు వేరు. వయసు ముదిరిన ఎముక కణాలు పిలుపుకు బదులు పలికే తీరూ వేరు.

అయితే ఇక్కడితో తీర్పు చెప్పివేయడం న్యాయం కాదు. బెల్జియంలో లూవెన్ పరిశోధకులు 70 మంది స్త్రీలపై జరిపి 2004లో ప్రకటించిన పరీక్షలో, ఆరు నెలలు బలమైన పలకపై నిలబడి గుంజీలవంటి వ్యాయామాలు చేసినవారికి తుంటి ఎముక సాంద్రత ఒక శాతం కంటె కొంచెం తక్కువగా పెరిగింది. లాభం చిన్నదే, కాని నష్టం ఆగిందన్నది గమనించదగినది. జర్మనీలో ఎర్లాంగెన్ పరిశోధకులు 151 మంది వృద్ధ స్త్రీలను 18 నెలలు గమనించారు. వ్యాయామం మాత్రమే చేసినవారికీ, వ్యాయామంతోపాటు కంపనం పొందినవారికీ వెన్నెముక సాంద్రత మెరుగైంది. కంపనం దానికి అదనంగా కలిపినది ఏమీ లేదు. కాని కంపనం కూడా పొందినవారు జారిపడడం తగ్గింది.

ఈ చివరి మాట చిన్నది కాదు. వృద్ధాప్యంలో తుంటి ఎముక విరగడానికి ఎముక బలహీనత సగం కారణమైతే, పడిపోవడం మిగిలిన సగం. పడని మనిషికి గుల్ల ఎముక కూడా విరగకుండా నిలుస్తుంది. స్నానాలగది తడినేల మీద కాలు జారినప్పుడు తనను తాను నిలదొక్కుకొనే శక్తి, ఎముక పరీక్షలో కనబడే అంకె కంటె ఎక్కువ విలువైనది. కంపన పలక కొందరు వృద్ధుల కాళ్ళ బలాన్నీ, తూకాన్నీ కొంత పెంచుతుందని చెప్పడానికి ఆధారం ఉన్నది. నేల మీద చేసే వ్యాయామమూ అంతే చేస్తుందని చెప్పడానికి ఇంకా ఎక్కువ ఆధారం ఉన్నది.

నిజానికి ఎవరికి?

పరిశోధనలన్నిటినీ వరుసగా పెట్టి చూస్తే ఒక రేఖ కనబడుతుంది. కదలగలిగినవారికి పలక ఇచ్చేది స్వల్పం. కదలలేనివారికి ఇచ్చేది కొంత ఎక్కువ.

బెర్లిన్ నగరంలో 2003, 2005 సంవత్సరాల మధ్య 20 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఎనిమిది వారాలు మంచం దిగనివ్వలేదు. అంతరిక్షయాత్రలో దేహానికి కలిగే నష్టాన్ని భూమిపైనే తెలుసుకోవడం వారి ఉద్దేశం. సగంమంది ఊరికే పడుకున్నారు. మిగిలిన సగంమంది పడుకొనే, పట్టీల సాయంతో దేహాన్ని లాగిపట్టి, కాళ్ళకు ఎదురుగా అమర్చిన కంపన పలకను తన్నిపట్టి వ్యాయామం చేశారు. ఊరికే పడుకున్నవారి కాళ్ళ కండరాలు, ఎముకలు క్షీణించాయి. వ్యాయామం చేసినవారివి చాలావరకు నిలబడ్డాయి. ఇక్కడ వ్యాయామం, కంపనం కలసి ఉన్నాయి గనుక దేని వాటా ఎంతో ఆ ఒక్క ప్రయోగం చెప్పలేదు.

కండరాలపై అదుపు లేని పిల్లల విషయంలో 2004లో వెలువడిన ఒక చిన్న పరీక్ష ఆశ కలిగించేది. అంగవైకల్యం ఉన్న 20 మంది పిల్లలలో సగంమంది ఆరునెలలు రోజుకు పది నిమిషాలు సున్నితమైన పలకపై నిలబడ్డారు. వారి మోకాలి క్రింది ఎముక సాంద్రత 6 శాతం పెరిగింది. ఉత్తుత్తి పలకపై నిలబడిన పిల్లలకు అది దాదాపు 12 శాతం తగ్గింది. ఇరవై మంది చాలా తక్కువ సంఖ్య. అయినా పరుగెత్తలేని, దూకలేని పిల్లవానికి పలక నేర్పరి వైద్యుని చేతిలో పనికివచ్చే సాధనం కావచ్చునని ఇది సూచిస్తున్నది.

మధుమేహం విషయానికి వద్దాం. 2017లో అమెరికాలోని జార్జియా వైద్య కళాశాల పరిశోధకులు ఎలుకలపై చేసిన ప్రయోగం ప్రపంచమంతటా పత్రికల శీర్షికలకెక్కింది. ఆకలిని అణచే సందేశం అందని జన్యులోపం వలన అతిగా తిని, లావెక్కి, మధుమేహం తెచ్చుకొనే చిట్టెలుకలు అవి. కొన్నిటిని రోజుకు 20 నిమిషాలు కంపన పలకపై, కొన్నిటిని 45 నిమిషాలు కదిలే పట్టాపై ఉంచారు. పన్నెండు వారాల తరువాత రెండు గుంపులకూ ఇంచుమించు ఒకే విధమైన మేలు కనబడింది. అయితే శీర్షికలలో చోటు దొరకని సంగతి మరొకటి ఉన్నది. లోపం లేని మామూలు ఎలుకలకు ఆ మేలు కలగలేదు. పైగా ఇవి లేత వయసు ఎలుకలు. వాటి ఫలితాన్ని అరవై ఏండ్ల మధుమేహ రోగికి హామీగా చూపడం తొందరపాటు. ఆ వార్త చదివి మందులు మానివేసే రోగి తన ప్రాణంతో ప్రయోగం చేస్తున్నాడన్నమాట.

నాణేనికి రెండవ ముఖం

ఇక ట్రాక్టరు రైతు దగ్గరకు వద్దాం. కూర్చున్న మనిషి మొండెం సెకనుకు సుమారు నాలుగు నుండి ఎనిమిది సార్లు వచ్చే నిలువు అదురుకు అన్నిటికంటె ఎక్కువగా ఊగుతుంది. ఊయలను దాని లయకు సరిపడా తోస్తే చిన్న తోపుకే పెద్ద ఊపు వచ్చినట్లే ఇది. గతుకుల నేలపై ట్రాక్టరు, చెడిన దారిలో లారీ, గనిలో డంపరు ఇచ్చే అదురు సరిగా ఈ లయలోనే ఉంటుంది. ఏండ్ల తరబడి రోజుకు ఎనిమిది గంటలు దీనిని అనుభవించినవారిలో నడుము నొప్పి, వెన్నుపూసల నడుమ మెత్తల క్షీణత ఎక్కువగా కనిపిస్తాయి. సింగరేణి ఉపరితల గనుల డంపరు చోదకుని మొదలు కోస్తా పొలాల ట్రాక్టరు చోదకుని వరకు ఈ తాకిడి అనుభవమే.

ఇందుకే 1974లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ మనిషి దేహానికి తగిలే కంపనాన్ని కొలిచే ప్రమాణాన్ని రూపొందించింది. యూరప్ దేశాల కూటమి 2002లో ఉత్తరువు చేసి, కార్మికునికి ఎనిమిది గంటల పనిదినంలో తగలదగిన కంపనానికి హద్దు గీసింది. అమెరికాలో 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన వ్యాయామ పలకలను ఆ అంతర్జాతీయ కొలబద్దతోనే కొలిచింది. బలమైన పలకపై రోజుకు పది నిమిషాలు నిలబడినా ఆ ప్రమాణపు హద్దు మీరవచ్చునని తేలింది. కార్మికునికి వద్దన్న మోతాదును మనం డబ్బిచ్చి తెచ్చుకుంటున్నామేమో చూసుకోవాలి.

అదే పరిశోధన ఉపయోగకరమైన మాట మరొకటి చెప్పింది. మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడితే తలకు చేరే అదురు తగ్గుతుంది. కాళ్ళు బిగించి కర్రవలె నిలబడితే అది తిన్నగా పుర్రెకు చేరుతుంది. మోకాళ్ళు, చీలమండలు మన దేహానికి స్ప్రింగులవంటివి. పలక ఎక్కి నిటారుగా నిలబడడం స్ప్రింగులు పీకివేసిన బండిలో ప్రయాణించడమే.

కొందరు అసలే దీని జోలికి పోరాదు. గర్భిణులు, గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్నవారు, కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టినవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు లేదా ఎముక విరిగినవారు, మూర్ఛరోగులు, మూత్రపిండాలలోగాని పిత్తాశయంలోగాని రాళ్ళున్నవారు, కంటిపొర ఊడే ప్రమాదమున్నవారు దూరంగా ఉండాలి. పలక వాడిన పిదప కంటిలోపల రక్తం చిమ్మడం, మూత్రపిండంలోని రాయి కదలి బాధించడం వంటి ఘటనలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి. అవి అరుదే. కాని ఏండ్లుగా మధుమేహం ఉండి కంటిపొర దెబ్బతిన్న రోగికి ఆ అరుదైనదే అతి ముఖ్యమైనది. ఎముకలు బాగా గుల్లబారి వెన్నుపూస ఇదివరకే కుంగినవారు వైద్యుని అడగకుండా బలమైన పలక ఎక్కడం మందు కోసం పోయి గాయం తెచ్చుకోవడమవుతుంది.

కొనేముందు

ఎవరైనా ఈ యంత్రం కొనదలచుకుంటే నాలుగు ప్రశ్నలు వేయడం మంచిది. సెకనుకు ఎన్ని కంపనాలు, ఎన్ని మిల్లీమీటర్లు? ఈ రెండు అంకెలు వ్రాసి ఇవ్వలేనివాని వద్ద కొనవద్దు. నా జబ్బుకు ఇది పనికివస్తుందని నా వైద్యుడు అంగీకరించాడా? దీనిని ఎక్కి నేను వ్యాయామం చేయబోతున్నానా, ఊరికే నిలబడబోతున్నానా? లాభం చూపిన పరీక్షలలో పలువురు పలకపై గుంజీలు తీసినవారే. చివరిది, ఈ యంత్రం కొనకపోతే నేను నడిచేవాణ్ణా? అవును అన్న సమాధానం వస్తే మీ డబ్బు మిగిలినట్లే.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలాలనీ, వారంలో రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 65 ఏండ్లు దాటినవారు వారానికి మూడు రోజులు తూకాన్ని పెంచే అభ్యాసాలు కూడా చేయాలన్నది. దీనికి విద్యుత్తు అక్కరలేదు. బడిలో పంతులుగారు శిక్షగా తీయించిన గుంజీలు తొడలకు మేలైన వ్యాయామాలలో ఒకటి. నేలమీద కూర్చుని చేతి ఊత లేకుండా లేవడం మన పెద్దలకు నిత్యకృత్యం. బల్లలు, సోఫాలు వచ్చి ఆ లేవడాన్ని మన ఇళ్ళలోనుండి తీసివేశాయి. తిరగలి, రోకలి పోయినందుకు విచారించనక్కరలేదు. వాటి వెనుక స్త్రీల వెట్టి ఎంతో ఉన్నది. కాని అవి దేహానికిచ్చిన పనిని మరొక రూపంలో తిరిగి ఇవ్వవలసిన బాధ్యత మనదే.

మోకాళ్ళు సహకరించని వృద్ధులు ఒక దృఢమైన కుర్చీని గోడకు ఆనించి, దానిలో కూర్చుని, వీలైతే చేతులు ఆనించకుండా లేచి, మళ్ళీ మెల్లగా కూర్చోవడం అభ్యసించవచ్చు. మొదట ఐదుసార్లు, అలవాటైన కొద్దీ పదిసార్లు. గోడను పట్టుకొని మడమలు ఎత్తి దించవచ్చు. ఎవరైనా ప్రక్కన ఉండగా ఒంటికాలిపై కొన్ని క్షణాలు నిలబడవచ్చు. ఇవి చేయడానికి కూడా శక్తి చాలని స్థితి ఉంటే, అప్పుడు కంపన పలకకు చోటున్నది. పక్షవాతం నుండి కోలుకుంటున్న రోగి, చాలాకాలం మంచాన పడిన మనిషి, అవయవాలపై పట్టులేని పిల్లవాడు శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు చేయి పట్టుకొని దానిని ఎక్కితే అది వారిని వ్యాయామం వైపు నడిపించే తొలిమెట్టు కాగలదు.

తొలిమెట్టుగా ఉన్నంతవరకు ఆ యంత్రానికి గౌరవం ఇవ్వవచ్చు. దానినే మేడగా చూపి అమ్మేవారిని మాత్రం ఆ రెండు అంకెలూ అడగండి. ఆ తరువాత ఇంటికి కాలినడకన రండి.